సొంత చెయ్యా, నమ్మిన మెకానిక్కా: మోటార్ సైకిల్ సర్వీసింగ్‌లో ఏ పని ఎవరికి

మోటార్ సైకిల్ ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే సర్వీసింగ్ ప్రస్తావన రాక మానదు. ఆయిల్ మార్చడానికి కూడా మెకానిక్ దగ్గరికి పోవాలా, నాలుగు పానాలు కొనుక్కుంటే మనమే చేసుకోవచ్చు కదా అని ఒకరంటారు. ఎవరి పని వారు చేయాలి, బ్రేకులతో ప్రయోగాలు వద్దు అని రెండోవారంటారు. వింటుంటే ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది, నిజమే కూడా. ఒకరు ఆయిల్ గురించి, మరొకరు బ్రేకుల గురించి మాట్లాడుతున్నారు మరి. బండి మొత్తానికి ఒకే జవాబు కావాలనుకోవడం వల్లే ఈ వాదన తెగదు.

జవాబు పనిని బట్టి మారుతుంది. తేలికైనవి మనం చేసుకుని కష్టమైనవి మెకానిక్‌కు వదిలేయాలని సాధారణంగా చెబుతుంటారు. అంతకంటే అక్కరకొచ్చే గీటురాయి ఇంకొకటి ఉంది: పొరపాటు జరిగితే అది ఎప్పుడు, ఎలా బయటపడుతుంది? ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లేముందు సర్వీసింగ్‌లో ఏమేం కలిసిపోయి ఉన్నాయో విడదీయాలి.

## తనిఖీ, కాలానికి చేసే పని, రోగ నిర్ణయం

మొదటిది తనిఖీ. టైర్లలో గాలి, చైన్ వదులు, ఆయిల్ మట్టం, బ్రేక్ ప్యాడ్ల మందం, లైట్లు, క్లచ్ కేబుల్ పోగులు చూడటం ఇందులోకి వస్తాయి. దీనికి కళ్లు, గాలి కొలిచే గేజ్, ఒక స్కేలు ఉంటే చాలు. కావలసిన సమాచారం చాలావరకు బండి మీదే ఉంటుంది. ప్యాడ్ల మీద అరుగుదల తెలిపే గాడి ఉంటుంది, అది చెరిగిపోతే ప్యాడ్ ఆయువు తీరినట్టే. డిస్కుకు ఉండవలసిన కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది. టైరులో గాలి మాత్రం బండి కదలకముందే కొలవాలి, కొంత దూరం నడిచాక టైరు వేడెక్కి గేజ్ ఎక్కువ చూపిస్తుంది.

రెండోది కాలపరిమితి ప్రకారం చేసే పని. ఇన్ని కిలోమీటర్లకు లేదా ఇన్ని నెలలకు, ఏది ముందు వస్తే అప్పుడు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్, బ్రేక్ ద్రవం మార్చడం, చైన్ శుభ్రం చేసి సరిపెట్టడం, ట్యాపెట్ సెట్టింగ్ (ఇంజన్ వాల్వుల దగ్గరి సన్నని ఖాళీని సరిచేయడం) ఇవన్నీ ఈ కోవలోవే. ఏం చేయాలో మాన్యువల్ ముందే చెప్పేసింది, ఎలా చేయాలన్నదే మిగిలిన ప్రశ్న.

మూడోది రోగ నిర్ణయం. పొద్దున్నే బండి స్టార్ట్ కావడం లేదు, పికప్ తగ్గింది, ఎక్కడినుంచో కొత్త శబ్దం వస్తోంది. ఇక్కడ ఏం చేయాలో తెలియకపోవడమే అసలు చిక్కు. సొంతంగా చేసుకునేవారు ఎక్కువగా చేతులు కాల్చుకునేది ఇక్కడే. మెకానిక్‌తో మాటా మాటా పెరిగేదీ ఇక్కడే.

## నమ్మకం అవసరమయ్యేది ఎందుకు

కొన్ని వస్తువుల మంచిచెడ్డలు కొనకముందే చూసి తెలుసుకోవచ్చు, కొన్నింటివి వాడాక తెలుస్తాయి. ఈ తేడాను ఆర్థికవేత్త ఫిలిప్ నెల్సన్ 1970లో వివరించారు. 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ దీనికి మూడో రకాన్ని చేర్చారు: వాడిన తర్వాత కూడా నాణ్యత తేలనివి. వాహనాల మరమ్మతు ఈ మూడో రకానికి పేరుపడ్డ ఉదాహరణ.

ట్యాపెట్లు చూశానని మెకానిక్ చెప్పారు. బండి చక్కగా నడుస్తోంది. నిజంగా చూశారా? చూడకపోయినా ఈ వారం చక్కగానే నడిచేది. క్లచ్ ప్లేట్లు అరిగాయని మార్చారు, ఇప్పుడు బండి బాగా లాగుతోంది. అరిగింది ప్లేట్లేనా, కేబుల్ సరిచేస్తే సరిపోయేదా? ఇంటికి తెచ్చుకున్న బండి ఆ సంగతి చెప్పదు. అక్కర్లేని పని చేయడం, చేయవలసింది చేయకపోవడం, చేయని పనికి డబ్బు తీసుకోవడం అనే మూడు నష్టాలూ ఈ చీకటిలోనే దాగుతాయి. రోగం చెప్పేవారే మందు అమ్మేవారు కావడం దీనికి మూలం.

నిజాయతీ లేనివారి వల్లే ఈ సమస్య వచ్చిందనుకుంటే పొరపాటు. నిజాయతీపరుడైన మెకానిక్‌కు ఇది ఇంకా పెద్ద ఇబ్బంది. "ఇంకో 5,000 కిలోమీటర్లు ఈ చైన్ వస్తుంది, ఇప్పుడు మార్చవద్దు" అని పంపేసినవారికి ఆ రోజు ఆదాయం పోతుంది, తన మాట నిజమని చూపించుకునే దారి కూడా ఉండదు. అందుకే ఈ వృత్తిలో నమ్మకం సంవత్సరాల మీద పేరుకుంటుంది. మళ్లీ వస్తాడన్న మనిషి విషయంలో తీసుకునే జాగ్రత్త, దారిన పోతూ ఆగినవాడి విషయంలో ఉండకపోవచ్చు. తీసేసిన పాత భాగాన్ని అడగకముందే చేతిలో పెట్టడం, అరిగిన చోటు చూపించి మాట్లాడటం, ఇది నాకు తెలియదు ఫలానా చోట చూపించండి అని ఒప్పుకోవడం ఈ చీకటిని కొంత పలచన చేస్తాయి. నా దృష్టిలో వీటిలో చివరిదే అన్నింటికంటే విలువైన గుర్తు.

పెద్ద సర్వీస్ సెంటర్లలో ఈ లెక్క కొంచెం మారుతుంది. బండి తీసుకునేవారు వేరు, పానా పట్టేవారు వేరు. మీ బండిని గుర్తుపెట్టుకునే మనిషి ఉండకపోవచ్చు. దానికి బదులు జాబ్ కార్డు, తనిఖీ పట్టిక, ఆ మోడల్‌కు తగిన ప్రత్యేక పరికరాలు ఉంటాయి. ఒకచోట మనిషిని నమ్ముతాం, ఇంకోచోట పద్ధతిని నమ్ముతాం.

## నాలుగు పనులు, నాలుగు రకాల పొరపాట్లు

ఆయిల్ మార్పుతో మొదలుపెడదాం. ఇంజన్ కింద ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి పాత ఆయిల్ కార్చడం, ఫిల్టర్ మార్చడం, వాషర్ కొత్తది వేసి బోల్టు బిగించడం, కొలత ప్రకారం కొత్త ఆయిల్ పోయడం. జరిగే తప్పులు పేరుపేరునా తెలిసినవే. బోల్టు ఉక్కుది, ఇంజన్ అడుగు అల్యూమినియంది. బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం మరలు ఊడి వస్తాయి, చాలా బళ్లకు ఇక్కడ 20 నుంచి 35 న్యూటన్ మీటర్ల బిగింపే చాలు. పాత ఫిల్టర్ రబ్బరు వలయం ఇంజన్‌కే అతుక్కుపోయి, దాని మీద కొత్తది పడితే కారుతుంది. ఆయిల్ మట్టం బండి నిటారుగా ఉన్నప్పుడు చూడాలి, సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. ఈ తప్పుల్లో చాలావరకు పది నిమిషాల్లోనో మర్నాటికో నేల మీద మరకగా కనిపిస్తాయి.

ఒక్క తప్పు మాత్రం మరక వేయదు, అది ఆయిల్ ఎంపిక. గేర్లు మార్చే చాలా బళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల కోసం తయారైన కొన్ని ఆయిళ్లలో ఇంధనం ఆదా కోసం రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు, వాటితో ఈ ప్లేట్లు జారవచ్చు. అందుకే 1998లో జపాన్‌లో మోటార్ సైకిల్ ఆయిళ్లకు జాసో అనే ప్రమాణం వచ్చింది. డబ్బా మీద ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్‌కు తగినదని, ఎంబీ అని ఉంటే క్లచ్ ఆయిల్‌లో మునగని స్కూటర్ల వంటి వాటికి తగినదని అర్థం. 10డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 అనే అంకెలు చిక్కదనాన్ని మాత్రమే చెబుతాయి, క్లచ్ సంగతి చెప్పవు. చేసేది ఎవరైనా డబ్బా వెనక చదవడం బండి యజమాని చేయగలిగిన పనే.

చైన్ విషయానికి వస్తే తప్పు రెండు వైపులా ఉంటుంది. వదులుగా ఉన్న చైన్ తన గొడవ తానే చెబుతుంది. కొట్టుకుంటుంది, గేరు మార్చినప్పుడు కుదుపు ఇస్తుంది. బిగువైన చైన్ ఏమీ చెప్పదు. పైగా కొత్తవారికి బిగువుగా ఉండటమే సరి అనిపిస్తుంది. వెనక చక్రం పైకీ కిందికీ ఊగేటప్పుడు చైన్ నడిచే పళ్ల చక్రాల్లో ముందు స్ప్రాకెట్‌కూ వెనక స్ప్రాకెట్‌కూ మధ్య దూరం మారుతూ ఉంటుంది. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఊగే చట్రం) ఇరుసు, వెనక ఇరుసు, ముందు స్ప్రాకెట్ ఒకే వరుసలోకి వచ్చినప్పుడు ఆ దూరం అత్యధికం. ఇద్దరు కూర్చుని గుంతలో దిగినప్పుడు చైన్‌కు మిగలవలసిన ఆ వదులునే మాన్యువల్ మిల్లీమీటర్లలో ఇస్తుంది. మామూలు బళ్లకు అది 20 నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, సస్పెన్షన్ ఎక్కువ ఊగే బళ్లకు ఇంకా ఎక్కువ. స్టాండ్ మీద బిగించి మురిసిపోయిన చైన్ రోడ్డు మీద గేర్‌బాక్స్ బేరింగును లాగుతుంది, ఆ సంగతి వేల కిలోమీటర్ల తర్వాత గాని తెలియదు. అయినా ఇది నేర్చుకోదగిన పనే, ఎందుకంటే తప్పును స్కేలు పట్టుకుని ఆ నిమిషంలోనే పట్టుకోవచ్చు. బండి దానంతట అది చెప్పకపోయినా కొలత చెబుతుంది.

ట్యాపెట్ సెట్టింగ్ దగ్గర కొలత కూడా మోసం చేస్తుంది. వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూగా ఖాళీ ఉండాలి. ఇంజన్ చల్లారి ఉండగా, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ చివర పైకి వచ్చినప్పుడు ఫీలర్ గేజ్ అనే పలుచని రేకులతో కొలుస్తారు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పిస్టన్ ఒక చక్రంలో రెండుసార్లు పైకి వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు వాల్వులు కొంచెం తెరుచుకుని ఉంటాయి. అక్కడ కొలిచి సరిపెడితే అంతా తప్పే, గేజ్ మాత్రం ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఇంకో విచిత్రం శబ్దం. ఖాళీ ఎక్కువైతే టిక్ టిక్ వినిపిస్తుంది, జనం కంగారుపడతారు. వాల్వు సీటు అరిగి ఖాళీ తగ్గిపోతే శబ్దం తగ్గి ఇంజన్ ఇంకా మెత్తగా వినిపిస్తుంది. అసలు ప్రమాదం ఇదే. వాల్వు పూర్తిగా మూసుకోదు, దాని వేడి సీటు ద్వారా హెడ్‌లోకి పోయే దారి మూసుకుపోతుంది, చివరికి వాల్వు అంచు కాలిపోతుంది. స్క్రూ, నట్టుతో సరిపెట్టే ఇంజన్లలో ఓపికగా నేర్చుకునేవారు ఈ పని చేయగలరు. వాల్వు మీది బకెట్ లాంటి మూత కింద షిమ్ము (ఖాళీని నిర్ణయించే చిన్న బిళ్ల) ఉండే ఇంజన్లలో వాల్వులను నొక్కే క్యామ్‌షాఫ్టులు విప్పి మళ్లీ టైమింగ్ గుర్తులు కలపాలి. ఒక పన్ను తేడా వచ్చినా వాల్వు పిస్టన్‌కు తగలవచ్చు.

ఇక బ్రేకులు. ప్యాడ్లు మార్చడం చూడటానికి ఆయిల్ మార్పు కన్నా సులువు, రెండు పిన్నులు తీస్తే పాతవి బయటికి వస్తాయి. కొత్తవి మందంగా ఉంటాయి కనుక ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిస్టన్లను లోపలికి నెట్టాలి. ఆ తర్వాత లీవరును పదేపదే నొక్కి పిస్టన్లను మళ్లీ ప్యాడ్ల దగ్గరికి తేవాలి. ఇది మరిచిపోతే మొదటి నొక్కుడుకు లీవరు హ్యాండిల్‌కు తగులుతుంది, బ్రేకు పడదు. తప్పు తక్షణమే తెలుస్తుంది, కానీ తెలిసేది బండి కదలకముందా, కూడలిలోనా అన్నదే ముఖ్యం. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 230 డిగ్రీల సెల్సియస్ కాగా, తేమ చేరాక ఉండవలసిన కనీసం 155 డిగ్రీలు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు వేడెక్కితే పాత ద్రవంలో ఆవిరి బుడగలు పుట్టి లీవరు మెత్తబడేది అందుకే. మార్చేటప్పుడు గొట్టాల్లో గాలి మిగలకూడదు. ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) ఉన్న కొన్ని మోడళ్లలో ఆ గాలి మొత్తం తీయడానికి పంపును నడిపించే స్కానర్ కూడా కావాలి.

ఈ నాలుగింటినీ కష్టం ప్రకారం పేర్చితే ఒక వరుస వస్తుంది, పర్యవసానం ప్రకారం పేర్చితే వేరే వరుస వస్తుంది. ప్యాడ్ల మార్పు సులువైనదే గాని ప్రాణంతో ముడిపడింది. ట్యాపెట్లలో ప్రాణభయం తక్కువే గాని తప్పు కంటికి కనిపించదు. చైన్ రెండింటికీ మధ్యన ఉంటుంది.

## ఎన్నిసార్లు చేస్తామన్న లెక్క

డబ్బు ఆదా గురించిన చర్చలో సామాన్ల ఖర్చును కలపకూడదు. ఆయిల్, ఫిల్టర్ ఎవరు వేసినా కొనాల్సిందే, మిగిలేది కూలి మాత్రమే. ఆయిల్ మార్పు కూలిని ఒక వంతు అనుకుందాం. పానాలు, గరాటు, పళ్లెం, బిగింపు కొలిచే టార్క్ రెంచ్ కలిపి ఎనిమిది వంతులు అయ్యాయనుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే బండికి 5,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలంటే ఏడాదికి రెండుసార్లు, అంటే పెట్టుబడి తిరిగి రావడానికి నాలుగేళ్లు. అదే బండికి 500 కిలోమీటర్లకోసారి చైన్‌కు లూబ్ పట్టించాలంటే ఏడాదికి ఇరవైసార్లు. దీనికి ఎవరూ ఇరవైసార్లు మెకానిక్ దగ్గరికి వెళ్లరు. వెళ్లరు కనుక ఆ పని జరగదు. చైన్ విషయంలో సొంత చేయి గెలిచేది కూలి మిగలడం వల్ల అనేకంటే, పని అసలంటూ జరగడం వల్ల అనాలి.

రెండేళ్లకోసారి వచ్చే బ్రేక్ ద్రవం మార్పు లేదా ట్యాపెట్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. చేతికి పని అలవాటయ్యేది పదే పదే చేయడం వల్ల. రెండేళ్ల విరామం తర్వాత ప్రతిసారీ మొదటిసారే. ఆ మధ్యకాలంలో మెకానిక్ అదే పని లెక్కలేనన్ని బళ్లకు చేసి ఉంటారు.

## బ్యాటరీ మళ్లీ మళ్లీ పడుకుంటే

రోగ నిర్ణయానికి ఒక ఉదాహరణ. సెల్ఫ్ స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ మార్చారు. నెల తిరగకుండా అదే గోల. ఇంకో బ్యాటరీ కొంటారా? చవకైన మల్టీమీటరు ఈ ముడిని చాలావరకు విప్పుతుంది. నిండుగా చార్జ్ అయి విశ్రాంతిలో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తూ కొంచెం రేజ్ చేసినప్పుడు అది చాలా బళ్లలో 13.5 నుంచి 14.5 మధ్యకు పెరగాలి. పెరగకపోతే చార్జింగ్ జరగడం లేదు, లోపం కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్‌లోనో, దాన్ని బ్యాటరీకి తగినట్టు మార్చే రెగ్యులేటర్ రెక్టిఫయర్‌లోనో, మధ్య కనెక్టర్‌లోనో ఉంది. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పి బ్యాటరీని ఉడికిస్తోంది. రెండూ సరిగ్గా ఉండి రాత్రికి రాత్రి చార్జ్ దిగిపోతుంటే, తాళం తీశాక కూడా కరెంటు తాగుతున్న అలారమో ట్రాకరో ఉండవచ్చు.

ఈ కొలత తీసుకున్నంత మాత్రాన రెక్టిఫయర్ మార్చగలమని కాదు. కానీ "బ్యాటరీ పోయింది, చూడండి" అని వెళ్లేవారికీ, "ఇంజన్ నడుస్తుంటే 12.3 దాటడం లేదు" అని వెళ్లేవారికీ దొరికే సంభాషణ వేరు. రెండో సందర్భంలో రోగం చెప్పేవారు, మందు అమ్మేవారు ఒక్కరే అన్న పాత చిక్కు కొంత సడలుతుంది.

## వారంటీ, సర్వీసు రికార్డు

వారంటీ షరతులు దేశాన్ని, కంపెనీని బట్టి మారతాయి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప, తమ బ్రాండు భాగాలే వాడాలని, తమ దగ్గరే చేయించాలని వారంటీకి షరతు పెట్టడం సాధారణంగా కుదరదు. అన్నిచోట్లా అలాంటి రక్షణ ఉందనుకోకూడదు, నిర్ణీత సర్వీసులు అధీకృత కేంద్రంలో నమోదైతేనే క్లెయిము చెల్లుతుందన్న షరతులూ ఉంటాయి. బండి అమ్మేటప్పుడు కూడా ముద్రలు పడిన సర్వీసు పుస్తకానికి ఉన్న విలువ నోటి మాటకు ఉండదు. సొంతంగా చేసుకునేవారు తేదీ, కిలోమీటర్లు, వాడిన ఆయిల్ రకం రాసుకుని బిల్లులు దాచుకుంటే ఈ లోటు కొంత తీరుతుంది, పూర్తిగా తీరదు.

## రెండు పక్షాలూ ఒప్పుకోని లోపాలు

సొంత సర్వీసింగ్ పక్షం ఎక్కువగా చెప్పేది శ్రద్ధ గురించి. తన బండికి ఎవరూ తనంత ఓపికగా చేయరన్నది నిజమే. సాయంత్రంలోపు ఆరు బళ్లు ఇవ్వాల్సిన మనిషికి, సెలవు రోజున నీడలో కూర్చున్న మనిషికి తేడా ఉండదా? ఈ పక్షం దాటవేసేది ఒకటుంది: చేసినవారే తనిఖీ చేస్తారు. బిగించానని గట్టిగా నమ్మే నట్టును ఎవరూ రెండోసారి చూడరు. విమానాల నిర్వహణలో కీలకమైన పనులను చేసినవారు కాక ఇంకొకరు పరిశీలించి సంతకం పెట్టే ఏర్పాటు అందుకే ఉంది. ఇంట్లో ఆ రెండో కన్ను లేదు.

మెకానిక్ పక్షం అనుభవాన్ని ముందు పెడుతుంది. ఒకే మోడల్ బళ్లను వరుసగా చూసినవారికి ఏ కనెక్టర్ తుప్పు పడుతుందో, ఏ సీలు ముందుగా కారుతుందో మాన్యువల్ తెరవకముందే తెలుసు. యజమానికి ఒకే బండి తెలుసు. అయితే ఆ ఒక్కదాన్ని రోజూ నడుపుతారు కనుక లీవరు కాస్త మెత్తబడినా, ఒకానొక వేగంలో మాత్రమే కొత్త అదురు వచ్చినా ముందు పసిగట్టేది ఆయనే. ఐదు నిమిషాల ట్రయల్‌లో ఆ అదురు మెకానిక్‌కు దొరకకపోవచ్చు. తన అనుభవానికి ఈ సమాచారం అవసరమని ఒప్పుకోని మెకానిక్ ఎంత పనిమంతుడైనా సగం చీకట్లోనే వెతుకుతుంటారు.

ఇద్దరి బలాలూ కలిసే ఏర్పాట్లు లేకపోలేదు. తనిఖీ, చైన్, గాలి, ప్లగ్ యజమాని చూసుకుని, బ్రేక్ హైడ్రాలిక్స్, ట్యాపెట్లు, ఫోర్కులు మెకానిక్‌కు అప్పగించేవారు ఎందరో ఉన్నారు. పక్కన నిలబడి చూడనిచ్చే మెకానిక్ దొరికితే ఆ గీత ఏటేటా కొంచెం జరుగుతుంది. చూడనివ్వకపోవడానికి ప్రతిసారీ దురుద్దేశం వెతకనక్కర్లేదు, పనిచేసే చోట అనుభవం లేని మనిషి తిరగడం నిజంగానే ప్రమాదం.

## విద్యుత్ బండి వస్తే ఈ పంపకం ఏమవుతుంది

విద్యుత్ మోటార్ సైకిళ్లలో ఇంజన్ ఆయిల్, ట్యాపెట్, ప్లగ్ ఉండవు. ఇంట్లో మొదటగా నేర్చుకునే పనులు కొన్ని ఒక్కసారిగా మాయమవుతాయి. 60 వోల్టులు దాటిన డీసీని వాహన భద్రతా ప్రమాణాలు అధిక వోల్టేజీగా లెక్కిస్తాయి, అలాంటి బ్యాటరీ ప్యాకును విప్పడం శిక్షణ ఉన్నవారి పని. మోటారును నడిపించే కంట్రోలర్ లోపాలు సాఫ్ట్‌వేర్ ద్వారానే తెలుస్తాయి, ఆ సాఫ్ట్‌వేర్ వీధి చివరి మెకానిక్ చేతిలో కూడా లేకపోవచ్చు. అంటే సొంత చెయ్యా, మెకానిక్కా అన్న పాత వాదనలో మూడోపక్షంగా తయారీదారు వచ్చి కూర్చుంటాడు.

టైర్లు, బ్రేకులు, చాలా మోడళ్లలో చైన్ లేదా బెల్టు మాత్రం అలాగే ఉంటాయి. బ్రేకుల దగ్గర ఒక కొత్త మెలిక కూడా వస్తుంది. వేగం తగ్గించేటప్పుడు మోటారే కొంత బ్రేకు పని చేసి బ్యాటరీని నింపే బళ్లలో ప్యాడ్లు నెమ్మదిగా అరుగుతాయి. ప్యాడ్లు మందంగానే ఉన్నాయని కాలిపర్‌ను ఏళ్ల తరబడి ఎవరూ విప్పకపోవచ్చు. ఈలోగా బ్రేక్ ద్రవం కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా క్యాలెండర్ ప్రకారం తేమ పీల్చుకుంటూనే ఉంటుంది, తక్కువగా కదిలే పిస్టన్లు, పిన్నులు పట్టేసే అవకాశం పెరుగుతుంది.